నైట్రో కారు రేజ్ ఇవ్వగానే ఆగిపోతోంది: నీడిల్ బిగించాలా, వదులు చేయాలా?

రిమోట్‌తో నడిపే నైట్రో బొమ్మ కారు ఇంజన్ నిలబెట్టి ఉంచినంతసేపు బాగానే తిరుగుతోంది, థ్రాటిల్ లాగగానే గుక్కపట్టినట్టు ఆగిపోతోంది, ఫ్రెండ్ నీడిల్ (ఇంజన్‌కి ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) బిగించమన్నాడు అని రాశారు. కాసేపు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి పొగ చూడండి.

ఆగే ముందు సైలెన్సర్ నుంచి పొగ దట్టంగా వచ్చి ఇంజన్ గడగడమంటే ఇంధనం ఎక్కువైనట్టు. పొగ లేకుండా, స్విచ్ ఆపినట్టు టక్కున ఆగితే తక్కువైనట్టు. రెండో రకంలో నీడిల్ ఇంకా బిగిస్తే ఇంజన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఈ ఇంజన్‌కి వేరే ఆయిల్ ఉండదు, మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు ఇంధనంలో కలిపి ఉన్నదే ఆయిల్. ఇంధనం తగ్గించారంటే ఆయిల్ కూడా తగ్గించినట్టే. నా మొదటి ఇంజన్ అలాగే పోయింది. బిగించేకొద్దీ స్పీడు పెరుగుతుంటే సంబరపడిపోయాను. మూడో ట్యాంకుకి పిస్టన్ పట్టేసింది.

ఇంకో మాట. నీడిల్ ముట్టుకోకముందే ఇంధనం పైపు తీసి, ఒక కొన వేలితో మూసి, నీళ్లలో ముంచి ఊదండి. రెండు ఆదివారాలు నేను నీడిళ్లు తిప్పి తిప్పి విసిగిపోయాక తేలిందేమిటంటే, పైపుకి సూదిమొనంత చిల్లు! దానిలోంచి గాలి లాగుతుంటే ఏ సెట్టింగూ నిలవదు. థ్రాటిల్ వదిలాక కూడా ఇంజన్ రేజ్ దిగకుండా అరుస్తుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. కార్బురేటర్ మెడ దగ్గర సీల్ కూడా చూడండి.

పైపు బాగుంటేనే ట్యూనింగ్. ఒక ట్యాంకులో కొంత కాల్చి ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి, చల్లటి ఇంజన్‌ని సెట్ చేస్తే ఆ శ్రమంతా వృథా. పైపు వచ్చి కలిసేచోట పొడుగ్గా నిలబడి ఉండేది మెయిన్ నీడిల్, ముందు దాని పని. గడియారంలో ఒక గంట దూరం ఎంతో, ఒక్కసారికి అంతే తిప్పాలి. బిగిస్తే ఇంధనం తగ్గుతుంది. ఫుల్ స్పీడులో పోతున్నప్పుడు వెనక సన్నటి నీలిపొగ గీత కనిపిస్తూ ఉండాలి. అది మాయమైతే వెంటనే వదులు చేయండి.

మీ బాధ ఎక్కువగా రెండో నీడిల్‌లో, అంటే థ్రాటిల్ తిప్పే మీట పక్కనుండే చిన్న స్క్రూలో ఉండొచ్చు. దీనికి నేను చేసే పరీక్ష ఒకటుంది. కారు ఐడ్లింగ్‌లో ఉండగా, కార్బురేటర్ దగ్గర పైపుని రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంటాను. సైలెన్సర్ కాలుతుంటుంది, చేయి జాగ్రత్త. రెండు మూడు సెకన్లు తిరిగి, చివర్లో శబ్దం కాస్త పెరిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. నొక్కగానే ఆగితే ఇంధనం చాలట్లేదు. ఐదారు సెకన్లు లాగితే ఎక్కువైంది. ఐడిల్ స్క్రూని, అంటే ఐడ్లింగ్ స్పీడు సరిచేసేదాన్ని, చివర్లో ముట్టుకోండి.

థర్మామీటర్ లేకపోతే సిలిండర్ హెడ్ మీద ఒక నీటిచుక్క వేయండి. నాలుగు సెకన్లు సన్నగా మరిగి పోతే పర్లేదు. పడగానే చుయ్‌మని ఎగిరిపోతే కారు ఆపేయండి.

ఒకసారి కుదిరిన సెట్టింగే ఎప్పటికీ ఉంటుందనుకోకండి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో చేసిన సెట్టింగుతోనే సంక్రాంతికి భీమవరంలో తెల్లవారుజామున నడిపాను. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ గాలి కాస్త పలుచన, పైగా ఎండ. భీమవరంలో చలికి గాలి చిక్కగా ఉండి అదే సెట్టింగుకి ఇంధనం చాలలేదు. నీటిచుక్క ఎగిరిపోయింది. మెయిన్ నీడిల్ రెండు గంటల దూరం వదులు చేశాక కుదుటపడింది.

ఇప్పుడున్న రెండు నీడిళ్లనీ మెల్లగా మూస్తూ, ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుని మళ్లీ అక్కడికే తిప్పండి. చివర్లో గట్టిగా బిగించొద్దు, నీడిల్ కూర్చునే సీటు పాడవుతుంది. ఆ అంకెలు, పొగ ఎలా ఉందో రాస్తే మిగతాది చెప్తాను.