ఫోనులో దొరికే పాత సినిమాల కోసం ఉత్సవానికి వెళ్లాలా?

మీ పట్టణంలో రెండు రోజుల పాటు పాత జానపదాలు, కౌబాయ్ సినిమాలు, దెయ్యాల సినిమాలు వేస్తున్నారనీ, అవన్నీ ఫోనులో దొరికేవే కాబట్టి పదకొండేళ్ల అమ్మాయినీ అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్లడం అవసరమా అనీ అడిగారు. తప్పకుండా వెళ్లండి. రెండేళ్ల కిందట తెనాలిలో ఇలాంటి ఉత్సవానికే మా అమ్మతో, అన్నయ్య కూతురితో కలిసి వెళ్లాను. బయలుదేరే ముందు నాకూ మీ సందేహమే ఉండేది.

దాన్ని జరిపింది పెద్ద సంస్థ ఏమీ కాదు. సినిమాలంటే ప్రాణం పెట్టే పదిమంది మిత్రులు డబ్బులు వేసుకుని, ఒక పాత థియేటరును శని, ఆదివారాల్లో మార్నింగ్ షోకూ మ్యాటినీకీ అద్దెకు తీసుకున్నారు. శనివారం ఉదయం ‘పాతాళ భైరవి’, మధ్యాహ్నం ‘మోసగాళ్లకు మోసగాడు’, ఆదివారం ఉదయం ‘రౌడీ రాణి’, మధ్యాహ్నం ‘జగన్మోహిని’. నాలుగింటికీ కలిపి ఒకటే టికెట్టు.

మొదటి ఆట ఇబ్బందితోనే మొదలైంది. 1951 నాటి సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఇప్పటి తెరలు అడ్డంగా బాగా పొడవు. తెర నిండా కనిపించాలని ఎవరో బొమ్మను అటూ ఇటూ సాగదీశారు. మనుషులు పొట్టిగా, ముఖాలు వెడల్పుగా కనిపించాయి. మా ముందు వరసలోని పెద్దాయన ఒకరు రెండు నిమిషాలు ఓర్చుకుని, లేచి ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లి నచ్చజెప్పి వచ్చారు. సరిచేసి మళ్లీ మొదటి నుంచి వేశారు. తెరకు రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగిలింది గానీ మనుషులు మనుషుల్లా కనిపించారు. మీరు కూడా నిర్వాహకులకు ముందురోజే ఫోను చేసి ఈ సంగతి చెప్పండి. చిన్న విషయమే అయినా సినిమా అంతా దాని మీద ఆధారపడి ఉంటుంది.

‘పాతాళ భైరవి’ని నేను ఇంట్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా ‘సాహసం సేయరా డింభకా’ అని నేపాళ మాంత్రికుడు అనబోయే ముందు ఆ హాలులో ఏం జరుగుతుందో మాత్రం తెలియదు. ఒక క్షణం నిశ్శబ్దం, ఆపై మూడు వందల గొంతులు ఒక్కసారిగా. పదిమందిలో గొంతెత్తి మాట్లాడని మా అమ్మ కూడా అనేసింది. ఆ మాంత్రికుణ్ణి పండు ముసలివాడిగా నమ్మి కూర్చుంటాం గానీ, సినిమా విడుదలైన నాటికి ఎస్వీ రంగారావుగారి వయసు 32 ఏళ్లే. పెద్ద తెర మీద ఆయన కళ్లు తిప్పడమూ, మాటను విరిచి విరిచి అనడమూ చూస్తుంటే, ఆ వయసులో అంత ముసలితనాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారా అని ఆశ్చర్యం వేసింది. ఇంటర్వెల్‌లో ఇదే మాట చెబితే మా కోడలు పిల్ల నమ్మలేదు.

మధ్యాహ్నం ఆటకు హాలు కిక్కిరిసింది. ‘మోసగాళ్లకు మోసగాడు’ కథానాయకుడు కృష్ణగారి సొంతూరు బుర్రిపాలెం తెనాలికి పక్కనే మరి. ఆటోలు మాట్లాడుకుని మరీ వచ్చారు. ఆరుద్రగారు రాసి, కె.ఎస్.ఆర్. దాసుగారు తీసిన 1971 నాటి సినిమా అది. ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ సినిమాల నుంచి టోపీ, తుపాకి, గుర్రం తెచ్చుకుని, రాజస్థాన్ ఇసుకలోకి వెళ్లి తీశారు. ఫోనులో ఆ ఇసుక ఒక గోధుమరంగు మరకలా ఉంటుంది. తెర మీద అది ఎడారి. ఈలల్లో సగం మాటలు వినిపించలేదు, అయినా ఎవరికీ కోపం రాలేదు.

‘జగన్మోహిని’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయికి అన్నిటికన్నా నచ్చేది ఇలాంటిదే కావచ్చు. 1978లో విఠలాచార్యగారు తీశారు. దెయ్యంగా జయమాలిని, కథానాయకుడు నరసింహరాజు. దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం రాగానే వెనక వరసల్లోని కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. నాకు మొదట బాధేసింది. కాసేపు విన్నాక అది ఎగతాళి కాదని తెలిసింది. గారడీవాడు టోపీలోంచి పావురాన్ని తీసినప్పుడు వచ్చే నవ్వు అది. ఆ తర్వాత ప్రతి మాయకూ ముందే చప్పట్లు మొదలుపెట్టారు.

మా కోడలు పిల్ల మాత్రం నవ్వలేదు, పరీక్షగా చూసింది. ‘అత్తా, మనిషి మాయమైనప్పుడు పక్కన నిలబడినవాళ్లు కొంచెం కదిలారు, చూశావా?’ అంది. అదే కిటుకు. కెమెరా ఆపుతారు, ఒక నటుడు పక్కకు తప్పుకుంటాడు, మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఊపిరి బిగబట్టి నిలబడతారు, మళ్లీ కెమెరా తిప్పుతారు. ఎంత బిగుసుకుని నిలబడినా ఒక చెయ్యి అర అంగుళం జరుగుతుంది, ఒక మడత మారుతుంది. చిన్న తెర మీద ఇది కంటికి ఆనదు. ఒకే నటుడు ఇద్దరుగా కనిపించే దృశ్యాల కిటుకు ఇంకో రకం. లెన్సులో సగం మూసి ఒక పక్క తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మూసి మళ్లీ తీసేవారు. రెండోసారి పొరపాటు జరిగితే మొదటిసారి తీసింది కూడా పోయినట్టే. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇదంతా చేతిపని. మా పిల్ల ఇంటికి వెళ్లగానే ఫోను కిటికీలో పెట్టి తమ్ముణ్ణి మాయం చేసే పనిలో పడింది.

విఠలాచార్యగారు ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగులో జానపద బ్రహ్మ అనిపించుకున్నారు. తక్కువ ఖర్చుతో, వేసిన సెట్టునే మళ్లీ వాడుకుంటూ, అనుకున్న రోజుకు సినిమా పూర్తిచేసేవారని పేరు. నటుడు పేచీ పెడితే కథలో అతన్ని చిలకగా మార్చేసి పని కానిచ్చేవారని ఒక ముచ్చట కూడా చెప్పుకుంటారు. నాకు ఆయన మీద గౌరవం ఆ పొదుపు వల్లే. డబ్బులేని చోట ఊహతో పని నడిపించడం తేలిక కాదు.

పిల్లల విషయం అడిగారు కాబట్టి రెండు మాటలు. ‘పాతాళ భైరవి’ మూడు గంటల పైచిలుకు ఉంటుంది. పిల్లలు మొదటి అరగంట విసుగుపడతారు, మాంత్రికుడు వచ్చాక కదలరు. 1970ల సినిమాల్లో కొన్ని నాట్యాలు పిల్లల కోసం తీసినవి కావు. నేను అలాంటి చోట పల్లీలు కొనుక్కురమ్మని పిల్లను బయటికి పంపాను. మీకు ఎలా తోస్తే అలా చేయండి. పాత హాళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, అత్తగారికి కింది తరగతిలో మధ్య వరసలు హాయి.

ఆదివారం ఉదయం సంగతి కావాలనే చివరికి ఉంచాను. ‘రౌడీ రాణి’కి వచ్చింది నలభై మంది కూడా లేరు. 1970లో, స్త్రీ అంటే కన్నీళ్లు పెట్టుకోవాల్సిందే అనుకునే రోజుల్లో, విజయలలితగారి చేతికి తుపాకి ఇచ్చి పగ తీర్చుకునే కథను మొత్తం ఆమె భుజాల మీద నడిపించారు దాసుగారు. అదే కథను రెండేళ్ల తర్వాత హిందీలో కూడా ఆమెతోనే తీశారు. మేము చూసిన కాపీ బాగా లేదు. గీతలు, మధ్యలో మాట ఎగిరిపోవడం, అక్కడక్కడా మసక. అయినా అమ్మ రెప్ప వేయలేదు. విరామంలో చెప్పింది: ఈ సినిమా వాళ్ల ఊరి డేరా సినిమా హాలుకు వచ్చినప్పుడు తనకు పదిహేనేళ్లట. అన్నయ్యలు ముగ్గురూ వెళ్లారు, ఆడపిల్లలు చూసేది కాదని తనను ఇంట్లో ఉంచారు. రాత్రి నేల తరగతి నుంచి వచ్చే ఈలలు ఇంటి అరుగు మీద కూర్చుని విన్నదట. యాభై నాలుగేళ్ల తర్వాత ఆ ఈలలు ఎందుకో తెలిసింది. ఇన్నేళ్లలో అమ్మ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

అందుకే మీరు బాగా పేరున్న సినిమాకు ఒక్కదానికే వెళ్లి రావద్దు. ‘మోసగాళ్లకు మోసగాడు’కు అభిమానులున్నారు కాబట్టి 2023లో మెరుగుపెట్టి మళ్లీ థియేటర్లలో వేశారు. ఎవరూ అడగని సినిమాకు ఎవరు మెరుగుపెడతారు? రఘుపతి వెంకయ్యనాయుడుగారు నిర్మించిన 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ను ఈ రోజు మనం చూడలేం, అది మిగల్లేదు. ఖాళీగా ఉండబోయే ఆట ఏదో నిర్వాహకులనే అడిగి, దానికి నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లండి. బయట సంతకాల పుస్తకం పెడితే ఆ సినిమా పేరు రాసి, మంచి కాపీ తెప్పించమని కోరండి. మేము అలాగే రాసి వచ్చాం.

ఇంకొక్క పని. బయలుదేరే ముందు మీ అత్తగారిని, ఆ రోజుల్లో చూడాలనుకుని చూడలేకపోయిన సినిమా ఏదైనా ఉందా అని అడగండి. ఆ పేరు మీ ఉత్సవం జాబితాలో ఉంటే, మిగతావి మానుకోవాల్సి వచ్చినా ఆ ఆటకు మాత్రం ఆవిడను తీసుకెళ్లండి.