ఐస్‌క్యూబ్ అలర్ట్ తర్వాత 40 కొత్త చుక్కలు: అసలైనది ఎలా పట్టుకోవాలి?

దక్షిణ ధ్రువం దగ్గరున్న న్యూట్రినో డిటెక్టర్ ఐస్‌క్యూబ్ నుంచి అలర్ట్ వచ్చిన గంటకే ఆకాశంలో ఆ చోటును ఫొటో తీశారు, పాన్‌స్టార్స్ అనే ఆకాశ సర్వేలోని పాత ఇమేజ్‌ని దాంట్లోంచి తీసేస్తే 40 చుక్కలు మిగిలాయి, న్యూట్రినో (దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే సూక్ష్మ కణం) వీటిలో దేని నుంచి వచ్చిందని అడిగారు కదా.

మీరు వాడింది మొదటి ఆటోమేటిక్ నోటీసులోని స్థానం. కొన్ని గంటలకు సవరించిన సర్క్యులర్ వస్తుంది. అందులోని 90 శాతం హద్దు (న్యూట్రినో వచ్చిన దిశ 90 శాతం నమ్మకంతో ఉండే ప్రాంతం) గీసి, బయట పడ్డవాటిని కొట్టేయండి.

తర్వాత ఒక్కో చుక్కనీ జూమ్ చేసి చూడండి. ఒక పక్క తెలుపు, ఇంకో పక్క నలుపు ఉంటే రెండు ఇమేజ్‌లు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోలేదు. తెల్లచుక్క చుట్టూ నల్ల ఉంగరం ఉంటే సీయింగ్ (గాలి కదలిక వల్ల చుక్కలు మసకబారడం) తేడా. పీఎస్‌ఎఫ్ మ్యాచింగ్, అంటే రెండు ఇమేజ్‌లలో చుక్కల మసకను సమానం చేయడం, మళ్లీ చెయ్యాలి. ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి.

ఒక్క ఫ్రేమే తీయడం అసలు పొరపాటు. అరగంట ఆగి రెండోది తీయాల్సింది. ప్రధాన వలయంలోని గ్రహశకలం ఆలోగా పదిహేను ఆర్క్‌సెకన్ల దాకా జరిగిపోతుంది, ఇట్టే దొరుకుతుంది.

ఇంకోటి, కొత్త చుక్కలనే వెతక్కండి. 2017 సెప్టెంబరు 22న వచ్చిన ఐసీ-170922ఏ అనే ఐస్‌క్యూబ్ న్యూట్రినో విషయంలో దొరికిన టీఎక్స్‌ఎస్ 0506+056 ఎప్పటినుంచో ఉన్న బ్లేజర్ (కేంద్రంలోని కృష్ణబిలం నుంచి వచ్చే జెట్ మనవైపు తిరిగి ఉన్న గెలాక్సీ). అప్పుడు ప్రకాశం పెరిగింది, అంతే. హద్దులోని బ్లేజర్ల జాబితా తీసి, ఒక్కోదాని పాత లైట్‌కర్వ్‌తో (కాలంతో ప్రకాశం ఎలా మారిందో చూపే గ్రాఫ్) పోల్చండి.

చివరికి సూపర్‌నోవా మిగిలితే స్పెక్ట్రమ్ తీయించండి. టైప్ 1ఏ (తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలిన రకం) అని తేలితే వదిలేయొచ్చు. గోల్డ్ అలర్ట్ (ఐస్‌క్యూబ్ అలర్ట్‌లలో ఎక్కువ నమ్మదగిన రకం) అయినా అది నిజంగా అంతరిక్షం నుంచి వచ్చిన న్యూట్రినో అయ్యే అవకాశం సగటున 50 శాతమే, కాబట్టి స్థానం కలిసినంత మాత్రాన మూలం దొరికిందని ప్రకటించకండి.