‘చండ్ర’కు ‘సుంద్ర’ అన్న పేరెలా వచ్చింది?

సందేహం: “కళ్ళు చండ్రనిప్పుల్లా ఉన్నాయి” అంటుంటాం. ఈ చండ్ర ఒక చెట్టు పేరని విన్నాను. వృక్షశాస్త్ర పుస్తకాలు తిరగేస్తే ఒకచోట ‘అకేసియా సుంద్రా’ అనీ, మరొకచోట ‘సెనగాలియా చుండ్రా’ అనీ కనిపించాయి. ‘సండ్ర’ అన్న రూపం కూడా చదివాను. ఇవన్నీ ఒకే చెట్టు పేర్లేనా? రాసేటప్పుడు ఏది వాడాలి? ‘చంద్రనిప్పులు’ అని రాసేవారూ ఉన్నారు, అది తప్పా?

సమాధానం: ఇవన్నీ ఒకే చెట్టు పేర్లు. తెలుగు మాట చండ్ర. సండ్ర అనేది దాని ఉచ్చారణ భేదం. సుంద్రా, చుండ్రా అనేవి మాత్రం ఆ తెలుగు మాటనే రోమన్ లిపిలో రాసుకున్నవారి రాతను మనం మళ్ళీ తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు తప్పుగా చదవడం వల్ల పుట్టిన రూపాలు. ‘చంద్రనిప్పులు’ అన్నది నిస్సందేహంగా తప్పు.

ముందుగా చండ్రనిప్పుల మాట చూద్దాం. సంస్కృతంలో ఖదిరం అనే చెట్టునూ దానికి అతి దగ్గరి బంధువైన ఈ చెట్టునూ తెలుగువారు చండ్ర అనే పిలిచారు. ముదురు రంగు బెరడు, ఆకుకాడ మొదట్లో జంటగా వంకీ తిరిగిన ముళ్ళు, లేత పసుపు రంగులో కంకుల్లా పూసే పూలు, పలచని కాయలు దీని గుర్తులు. కాండాన్ని అడ్డంగా కోస్తే లోపలి చేవ ముదురు ఎరుపులో కనిపిస్తుంది. ఆ చేవను ముక్కలు చేసి, నీటిలో మరిగించి, చిక్కబరిస్తే వచ్చేదే కాచు. అంత గట్టి, బరువైన కర్ర కాలినప్పుడు మిగిలే నిప్పులు తొందరగా ఆరవు, వేడి కూడా ఎక్కువ. అందుకే కోపంతో ఎర్రబడిన కళ్ళకు తెలుగువారు చండ్రకట్టె నిప్పులతో పోలిక చెప్పారు. చంద్రుడు చల్లదనానికి ప్రసిద్ధుడు కనుక, ఆ పోలికలో ఆయనకు చోటు లేదు.

చండ్ర, చంద్ర అన్న మాటల్లో మొదటి అక్షరం రాతలో ఒకటే గాని పలుకులో వేరు. సంస్కృతం నుంచి వచ్చిన చంద్రలోని చకారం తాలవ్యం, అంటే నాలుక అంగిలికి తగిలి పలికేది. దేశ్యపదమైన, అంటే సంస్కృతం నుంచి రాని అచ్చమైన తెలుగు మాటైన చండ్రలోని చకారం దంత్యం, అంటే నాలుక పళ్ళ దగ్గర తగిలి పలికేది. ‘చదువు’, ‘చల్ల’, ‘చుక్క’ అన్నప్పుడు పలికేది అదే. ఈ భేదం చూపడానికి పాత పుస్తకాలలో ‘ౘ’ అన్న గుర్తు వాడేవారు. ఆ గుర్తు వాడుకలో నుంచి తప్పుకోవడం వల్ల మనం చాలానే నష్టపోయామని నా అభిప్రాయం, ఎందుకంటే ‘ౘండ్ర’ అని అచ్చులో కనిపించి ఉంటే దాన్ని చంద్రుడితో కలిపేయడం ఎవరికీ తోచేది కాదు. ఈ దంత్య చకారం చాలామంది నోట సకారానికి దగ్గరగా జరుగుతుంది: చదువు సదువవుతుంది, చల్ల సల్లవుతుంది, చుక్క సుక్కవుతుంది. చండ్ర సండ్ర కావడమూ అలాంటిదే. ఇంటిపేర్లలో కూడా చండ్ర, సండ్ర రెండూ ఉన్నాయి.

ఇక శాస్త్రనామం సంగతి. దాని వెనుక విలియం రాక్స్‌బర్గ్ (1751–1815) ఉన్నాడు. స్కాట్లండ్‌లో పుట్టిన ఈ వైద్యుడు 1776లో మద్రాసుకు వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ అక్కడి మొక్కలను పరిశీలించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు మొక్కలపై ఆయన రచన 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రపటాలతో లండన్‌లో వెలువడింది. భారతీయ చిత్రకారుల చేత ఆయన గీయించిన బొమ్మలు మొత్తం 2,500కు పైనే. వృక్షశాస్త్రజ్ఞులు ఆయన వర్ణనలను ఎంతగానో మెచ్చుకుంటారు, అందులో అనుమానం లేదు. భాషను చదువుకునేవాడిగా నన్ను ఆకట్టుకునేది మాత్రం మరొకటి: మొక్క వర్ణనతోపాటు ‘తెలింగులు దీన్ని ఇలా పిలుస్తారు’ అంటూ ఆయన తెలుగు పేరును నమోదు చేసే పద్ధతి. కొన్నిచోట్ల అంతటితో ఆగక, ఆ తెలుగు పేరునే శాస్త్రనామంలో భాగం చేశాడు. చండ్ర అలా ‘మిమోసా’ ప్రజాతిలో (దగ్గరి సంబంధం గల జాతుల గుంపులో) ఒక జాతి పేరుగా లాటిన్‌లో చేరింది.

ఆయన రాసిన వర్ణక్రమాన్ని అక్షరం అక్షరంగా చూడండి. మొదట ‘ఎస్’, తరువాత ‘యు’, ఆపై ‘ఎన్, డి, ఆర్, ఎ’. ‘యు’ ఉండేసరికి మనవాళ్ళు ఉకారంగా చదివి ‘సుంద్రా’ అని రాశారు. కాని ఆనాటి ఇంగ్లిషువారు మన భాషల్లోని హ్రస్వ అకారాన్ని రాయడానికి ‘యు’ అక్షరాన్నే వాడేవారు. కటక్ పేరును వారు రాసిన తీరులో మొదటి అకారానికి ఉన్నది ‘యు’. పంజాబ్‌లోని మొదటి అకారానికీ అదే. రాక్స్‌బర్గ్ నివసించిన సామర్లకోటను సైతం ఆనాటి రాతల్లో ‘ఎస్, ఎ, ఎమ్, యు, ఎల్’ అని మొదలుపెట్టి రాసేవారు. అక్కడా ‘యు’ పలికేది అకారమే. ‘ఎన్, డి’ రెండూ కలిసి ‘ండ’నూ సూచించగలవు, ‘ంద’నూ సూచించగలవు, రోమన్ లిపిలో ఆ తేడా తెలియదు. అందువల్ల ఆయన రాసిన దాన్ని ‘సండ్ర’ అనే చదవాలి. తెలియని భాషలోని దంత్య చకారం విని సకారంగా రాసుకున్నాడంటే, సండ్ర అన్న పలుకుబడి గలవారి దగ్గర విన్నాడనైనా అనుకోవచ్చు, చకారమే ఆయన చెవికి అలా తోచిందనైనా అనుకోవచ్చు.

రెండో రూపం కథ ఇంకా ఆసక్తికరం. రాక్స్‌బర్గ్ పెట్టిన పేరే, ఆయన మూడో సంపుటం రాకముందే, తమిళ తీరంలోని తరంగంబాడిలో ఉన్న మతప్రచారకుడు, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన రాట్లర్ ద్వారా 1803లో జర్మనీలో అచ్చయింది. అందులో మొదట ‘ఎస్’ బదులు ‘సి, హెచ్’ ఉన్నాయి, తరువాత మళ్ళీ అదే ‘యు’. అంటే ఇది ‘చండ్ర’. మన నోళ్ళలో ఉన్న చ–స భేదం రెండు వేర్వేరు వర్ణక్రమాలై లాటిన్ పేర్లలో నిలిచిపోయింది. రెండు వందల ఏళ్ళ కిందటి తెలుగు ఉచ్చారణకు ఇంతకన్నా నికరమైన సాక్ష్యం శాసనాలలో కూడా అరుదు. దీన్ని ‘చుండ్రా’ అని రాస్తే అది చుండ్రు అనే మరో మాటను తలపించడం తప్ప ప్రయోజనం లేదు.

ఈ రెంటిలో ఏది నిలవాలన్నది వృక్షశాస్త్రంలో ఉచ్చారణను బట్టి తేల్చరు. నియమబద్ధంగా ముందు ప్రచురితమైన పేరుకే ప్రాధాన్యం. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథాన్ని మొక్కల పేర్లకు ఆరంభంగా తీసుకుని, అప్పటినుంచి ఏది ముందో చూస్తారు. అందుకే 1803 నాటి ‘చండ్రా’ నిలిచింది, ‘సండ్రా’ పర్యాయనామం, అంటే అదే మొక్కకు ఉన్నా చెల్లుబాటులో లేని పేరు అయింది. పేరు పెట్టినవారు ప్రచురించిన వర్ణక్రమాన్ని, అచ్చుతప్పు వంటివి ఉంటే తప్ప, తరువాతివారు దిద్దకూడదన్నది కూడా నియమమే. కాబట్టి ‘యు’ తీసేసి ‘ఎ’ పెట్టే హక్కు మనకు లేదు. తెలుగు లిపిలో దాన్ని ఎలా రాస్తామన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

మిమోసా, అకేసియా, సెనగాలియా అని మొదటి మాట మారుతూ రావడానికి కారణం వర్గీకరణ. శాస్త్రనామంలో మొదటి మాట ప్రజాతిని, రెండోది ఆ ప్రజాతిలోని జాతిని తెలుపుతాయి. మొక్క ఏ ప్రజాతిలో చేరుతుందన్న అభిప్రాయం మారితే మొదటి మాట మారుతుంది, రెండోది వెంట వస్తుంది. అకేసియా అనే పెద్ద ప్రజాతిని విడదీయవలసి వచ్చినప్పుడు, 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా జాతులు ఎక్కువగా ఉన్న భాగానికి ఉంచింది. దానితో మన నల్లతుమ్మ వాచెల్లియాలోకి, చండ్ర సెనగాలియాలోకి వెళ్ళాయి. మన పత్రికలు ఈ రెండు స్థాయిలకూ ‘జాతి’ అనే ఒక్క మాటే వాడుతుండడం వల్ల పాఠకులు తికమకపడుతున్నారు. పాఠ్యపుస్తకాలు చక్కగా స్థిరపరచిన ప్రజాతి, జాతి అన్న భేదాన్ని వార్తల్లోనూ పాటించాలని గట్టిగా కోరుతున్నాను.

ఇలా లాటిన్‌లో చేరిన తెలుగు మాట చండ్ర ఒక్కటే కాదు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని 1793లో రాక్స్‌బర్గ్ ఒక చిన్న పుస్తకమే వెలువరించి, దానికి ‘జ్వరాన్ని పారదోలేది’ అనే అర్థంలో ‘ఫెబ్రిఫ్యూగా’ అని జాతి పేరు పెట్టాడు. 1830లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆద్రియాఁ ద జుస్యు ఆ చెట్టును ప్రత్యేక ప్రజాతిగా విడదీసి, ఆ ప్రజాతికి తెలుగు పేరునే ఇచ్చాడు. దాన్ని ‘సోయ్‌మిడా’ అని రాస్తే ఆ మాట మనదన్న సంగతే పాఠకుడికి తట్టదు.

వాడుక పేరు ఒక్కదానితో సరిపెట్టుకోలేమనడానికి దేవదారు ఉదాహరణ చాలు. తెలుగునేల మెట్ట అడవుల్లో దేవదారి అనే చిన్న చెట్టుకు ‘ఎరిత్రోజైలం మోనోగైనం’ అని పేరు పెట్టినవాడు రాక్స్‌బర్గే. హిమాలయాల్లోని మహావృక్షమైన దేవదారు శాస్త్రనామంలో ఉన్న ‘దేవదార’ అన్న మాట కూడా ఆయనదే. కావ్యాలలో కనిపించే దేవదారును మెట్ట అడవిలోని దేవదారిగా పొరబడి వ్యాఖ్యానం రాసినవారిని నేను చూశాను.

ఇక ఏమి రాయాలన్నది. తెలుగు వాక్యంలో చెట్టు పేరు చండ్ర అని రాయండి. సండ్ర తప్పు కాదు. పాత్ర నోట వచ్చినప్పుడు గాని, ఆ ప్రాంతపు పలుకును చూపదలచినప్పుడు గాని వాడవచ్చు, ఇంటిపేరైతే ఆ ఇంటివారు రాసుకునే రూపమే పాటించాలి. శాస్త్రనామం అవసరమైనచోట ‘సెనగాలియా చండ్రా’ అని, పాత పేరు ఉటంకించేటప్పుడు ‘అకేసియా సండ్రా’ అని రాయండి. ‘చండ్రనిప్పులు’ ఒకే సమాసం కనుక విడదీయకుండా, డకారంతోనే రాయాలి.