ఫై మీసాన్లు లెక్కపెట్టబోతున్న మా చిన్నికి

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, నీకు పీహెచ్‌డీలో లెడ్-లెడ్ కొలిజన్స్‌లో, అంటే సీసం న్యూక్లియస్‌లు రెండు గుద్దుకున్నప్పుడు, ఫై, కేస్టార్ మీసాన్ల (క్వార్క్, యాంటీక్వార్క్ జంటలైన కణాలు) ప్రొడక్షన్ ఇచ్చారంట కదా, ఆ మాట విన్నదగ్గర్నించి నాకు కాలు నిలవట్లేదు తల్లీ. ఫోన్లో చెప్తే ఊ ఊ అని పెట్టేస్తావు, రాస్తే అవసరమైనప్పుడు మళ్ళీ తీసి చూసుకుంటావని రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఒక్క కూర్చోటంలో చదవక్కర్లేదు.

మీ గైడ్ నిన్ను అడిగేది డిటెక్టర్లో ఎన్ని ఫైలు కనపడ్డాయని కాదు, అక్కడ ఎన్ని పుట్టాయని. కనపడిన లెక్క నుంచి పుట్టిన లెక్కకి వెళ్ళడానికే నీకు నాలుగేళ్ళు పడుతుంది. నీకు దొరక్కుండా జారిపోయినవెన్ని, నీ లెక్కలోకి దొంగచాటుగా దూరినవెన్ని, ఈ రెండూ తేలితేనే పేపర్లో వేసే నెంబరుకి విలువ. నేను చెప్పేదంతా దీని గురించే.

1986 ఆగస్టు వరద గురించి మీ నాన్నని అడుగు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, ఇక్కడ ముక్తేశ్వరంలో మేము బియ్యం బస్తాలు అటకెక్కించి రాత్రంతా గట్టు మీదే కూర్చున్నాం. ఆ సంవత్సరమే జెనీవా దగ్గర సెర్న్ ల్యాబ్‌లో ఎస్‌పీఎస్ అనే యాక్సిలరేటర్ మెషీన్లో మొదటిసారి ఆక్సిజన్ న్యూక్లియస్‌లని న్యూక్లియాన్‌కి, అంటే ఒక్కో ప్రోటాన్‌కీ న్యూట్రాన్‌కీ, 200 జీఈవీ ఎనర్జీ దాకా తీసుకెళ్ళి టార్గెట్ మీద కొట్టారు, జే సై అనే బరువైన మీసాన్లు క్వార్క్ గ్లూవాన్ ప్లాస్మాలో, అంటే విపరీతమైన వేడికి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి అయ్యే ముద్దలో, కరిగిపోయి తగ్గుతాయని మత్సుయి, సాట్జ్ పేపర్ రాసింది కూడా అప్పుడే. నాకా సంగతులన్నీ రెండేళ్ళ తర్వాత రీసెర్చ్‌లో చేరాక తెలిసాయి. అప్పట్లో మా చేతికొచ్చింది ఎమల్షన్ ప్లేట్లు, బీమ్ తగిలించి డెవలప్ చేసిన ఫొటోగ్రాఫిక్ ప్లేట్లు అన్నమాట, వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి ఆయిల్ చుక్క వేసి మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుకుంటూ వెతకాలి. న్యూక్లియస్ పగిలిన చోట నక్షత్రంలా గీతలు చిమ్మి ఉంటాయి. లావుగా నల్లగా ఉన్నవి టార్గెట్ న్యూక్లియస్ ముక్కలు. సన్నగా, చుక్కకీ చుక్కకీ ఎడం ఉండి ముందుకి దూసుకుపోయేవి షవర్ ట్రాకులు, వాటిలో ఎక్కువ పయాన్లే, మీసాన్లలో అన్నిటికన్నా తేలికవి. ఇలాంటి ప్లేట్లు డార్జిలింగ్ కొండల మీద పెట్టి కలకత్తా ఫిజిసిస్టులు బిభా చౌధురి, డీఎం బోస్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే మీసాన్ల జాడ పట్టుకున్నారు తెలుసా, మంచి ప్లేట్లు దొరక్క ఆ పని అక్కడే ఆగిపోయింది, తర్వాత మెరుగైన ప్లేట్లతో ఇంగ్లండ్‌లో పవెల్ వాళ్ళు 1947లో పయాన్‌ని తేల్చారు, ఆయనకి 1950లో నోబెల్ వచ్చింది. నాకు బిభా గారి పేరు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సరే అసలు విషయం. ఆ స్కానింగ్ నేనొక్కడినే చేసేవాడిని కాదు, ఒకే ప్లేటు నేనూ ఇంకో ఆవిడా విడివిడిగా, ఒకరి నోట్సు ఒకరు చూడకుండా స్కాన్ చేసేవాళ్ళం. ఒకసారి నాకు 90 ఈవెంట్లు, అంటే న్యూక్లియస్ పగిలిన చోట్లు, దొరికాయి, ఆవిడకి 80, ఇద్దరికీ దొరికినవి 72. ఇప్పుడు చూడు, ఆవిడ పట్టిన 80లో నాకు 72 కనపడ్డాయంటే నా కన్ను నూటికి 90 పట్టుకుంటోందన్నమాట, అలాంటప్పుడు నాకు 90 దొరికాయంటే ప్లేట్లో అసలున్నవి 100. ఇద్దరివీ కలిపితే వచ్చేది 98, అంటే ఇద్దరి కంటా పడని ఈవెంట్లు ఇంకా రెండు ఉన్నాయని కాగితం మీదే తేలిపోయింది. చూడనివాటిని లెక్కకట్టడం నేను మొదటిసారి నేర్చుకున్నది ఆరోజు, ఎఫిషియెన్సీ అన్న మాటకి నాకిప్పటికీ అదే అర్థం.

కానీ ఆ లెక్క ఎప్పుడు నిజమౌతుందంటే ఇద్దరి పొరపాట్లకీ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే. ప్లేటు పైపొరలో మసగ్గా ఉన్న చిన్న ఈవెంటు ఇద్దరికీ కనపడదు, అప్పుడు మన 100 కూడా తక్కువ లెక్కే. నువ్వు రేపు సిమ్యులేషన్‌లో ఫైలు పుట్టించి జియాంట్‌లో, అదే డిటెక్టర్‌ని కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాంలో, డిటెక్టర్ గుండా పంపి ఎన్ని తిరిగి దొరికాయో చూస్తావు కదా, అక్కడ కూడా ఇదే గొడవ, సిమ్యులేషన్‌లో డిటెక్టర్ అసలు డిటెక్టర్ లాగే లేకపోతే ఆ ఎఫిషియెన్సీ నమ్మడానికి లేదు. అందుకని డేటాలో ట్రాకుల హిట్లు (కణం డిటెక్టర్లో గుర్తు వదిలిన చోట్లు), వెర్టెక్స్ (కొలిజన్ జరిగిన చోటు) నుంచి దూరం, డీఈడీఎక్స్ (కణం దారిలో పోగొట్టుకునే ఎనర్జీ) అన్నీ సిమ్యులేషన్ పక్కన పెట్టి నీ కళ్ళతో నువ్వు చూసుకో, ఎవరో చూసేశారులే అనుకోకు. పైగా తక్కువ పీటీ, అంటే బీమ్‌కి అడ్డంగా మొమెంటం, దగ్గర ఫై విడిపోయి వచ్చే కేయాన్లు (ఇవీ ఒక రకం మీసాన్లే) డిటెక్టర్ దాటకముందే దారిలోనే డికే అయిపోతాయి, అంటే వేరే కణాలుగా విడిపోతాయి, ఫైలలో ఒక ప్లస్ కేయాన్, ఒక మైనస్ కేయాన్‌గా విడిపోయేవే దాదాపు సగం, కాబట్టి అక్కడ నువ్వు వేసే కరెక్షన్ చాలా పెద్దది. కరెక్షన్ పెద్దదైన చోట ఎర్రర్ బార్ చిన్నదిగా ఉందంటే నీకే అనుమానం రావాలి.

ఇక దొంగచాటుగా దూరేవాటి సంగతి. సరిగ్గా ఎదురెదురుగా గుద్దుకున్న లెడ్ కొలిజన్లో, 2.76 టీఈవీ దగ్గర, మధ్య భాగంలో ఒక్క యూనిట్ సూడోర్యాపిడిటీలోనే (కణం బీమ్‌కి ఎంత కోణంలో పోయిందో చెప్పే కొలత) 1600 దాకా చార్జ్‌డ్ పార్టికల్స్ వస్తాయి, అందులో ఎక్కువ పయాన్లే. ఉదాహరణకి ప్లస్ కేయాన్లు వంద, మైనస్ కేయాన్లు వంద అనుకో, ఎవరు ఎవరి జంటో పేర్లు రాసుండవు కాబట్టి ప్రతిదానికీ ప్రతిదాన్నీ కలిపి చూడాలి, 10,000 జంటలు, వాటిలో నిజంగా ఒక ఫై నుంచి పుట్టినవి ఏవో కొద్ది. మిగతావన్నీ ఉత్తుత్తి జంటలే. ప్రతి జంటకీ అది ఒకే కణం నుంచి వచ్చుంటే దాని మాస్ ఎంతుండాలో లెక్కకట్టి గ్రాఫ్ వేస్తే ఆ ఉత్తుత్తి జంటలు గుట్టలా పేరుకుంటాయి, ఆ గుట్ట మీద ఫై మాస్ 1019.5 ఎంఈవీ దగ్గర చిన్న మిట్టలా, అదే పీక్‌లా, లేస్తుంది నీ ఫై. ఆ గుట్ట ఆకారం తెలుసుకోవడానికి ఒక ఈవెంట్లో ప్లస్‌ని ఇంకో ఈవెంట్లో మైనస్‌తో కలుపుతాం, వేరే వేరే కొలిజన్ల నుంచి వచ్చినవి కాబట్టి అవి నిజం జంటలు కావడానికి వీల్లేదు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను, చెప్తాను విను. ఎమల్షన్ వదిలి కంప్యూటర్ డేటాకి మారిన కొత్తలో మిక్సింగ్ చేసేటప్పుడు ఏ ఈవెంట్‌ని ఏ ఈవెంట్‌తో కలుపుతున్నానో పట్టించుకోలేదు, కొలిజన్ జరిగిన చోటు ఒకదానిలో ఇటు చివర, ఇంకోదానిలో అటు చివర, ఒకటి నిండా ట్రాకులున్నది ఒకటి బోసిది, అన్నీ కలిపేశాను. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక పీక్‌కి కుడిపక్క ఇంకో చిన్న బొడిపె మిగిలింది. రెండు నెలలు దాన్నే పట్టుకుని తిరిగాను తల్లీ, నిద్ర లేదు, ఏదో కొత్తది దొరికిందని నమ్మేశాను, గ్రూప్ మీటింగులో చూపించాను కూడా. వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన అడిగింది ఒక్కటే, వెర్టెక్స్ బిన్ ఎంత పెట్టావు అని, అంటే ఎంత దగ్గర వెర్టెక్స్ ఉన్న ఈవెంట్లని ఒక గుంపుగా తీసుకున్నావు అని. ఆ రాత్రి వెర్టెక్స్, మల్టిప్లిసిటీ (ట్రాకుల సంఖ్య) దగ్గరదగ్గరగా ఉన్న ఈవెంట్లని మాత్రమే కలిపి మళ్ళీ రన్ చేస్తే ఆ బొడిపె లేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదా కాదు, ఆ రెండు నెలలు పీక్‌నే చూసుకుంటూ దాని కింద గుట్టని ఒక్కసారి కూడా విడిగా వేసి చూడలేదే అని. అందుకే నిన్ను బతిమాలుతున్నా, ముందు గుట్ట చూడు, లైక్ సైన్ జంటలతో (ప్లస్‌తో ప్లస్, మైనస్‌తో మైనస్) ఒకసారి, మిక్స్‌డ్ ఈవెంట్లతో ఒకసారి, రెండూ ఒకటే చెప్తున్నాయా చూడు. కట్స్, అంటే ఏ ట్రాకులు ఉంచాలో ఏవి తీసేయాలో చెప్పే హద్దులు, అన్నీ ముందే రాసి పెట్టుకో. పీక్ అందంగా కనపడేదాకా కట్ జరుపుకుంటూ పోవద్దు, అలా జరిపితే లేని పీక్ కూడా వస్తుంది.

కేస్టార్ ఇంకా కష్టం. అది ఒక కేయాన్, ఒక పయాన్‌గా విడిపోతుంది. దాని పీక్ వెడల్పే 47 ఎంఈవీ, ఫైది నాలుగు చిల్లర, కాబట్టి గుట్టలో కలిసిపోయి ఉంటుంది, పయాన్‌ని కేయాన్‌గా పొరపడితే వేరే మీసాన్ల నీడలు కూడా దాని మీద పడతాయి. డీఈడీఎక్స్‌లో మొమెంటం ఒక జీఈవీ దగ్గరికొచ్చేసరికి పయాన్ గీత, కేయాన్ గీత కలిసిపోతాయి, అక్కడ టైమ్ ఆఫ్ ఫ్లైట్ (కణం ఎంతసేపట్లో వచ్చిందో కొలిచే డిటెక్టర్) లేకుండా అడుగు వేయకు. కానీ నీ పనిలో అందమంతా ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టడంలోనే ఉంది. అంతర్వేది తీర్థానికి మనం వెళ్ళినప్పుడు రథం దగ్గర జనం ఎలా తోసుకుంటారో గుర్తుందా? అన్నాచెల్లెళ్ళిద్దరు చెయ్యి పట్టుకుని ఆ గుంపు దాటి బయటికొచ్చాక విడిపోతే, ఎవరెటు వెళ్ళారో చూసి ఇద్దరూ ఒకచోటి నుంచే వచ్చారని చెప్పొచ్చు. గుంపు మధ్యలోనే చెయ్యి వదిలేస్తే తలోవైపు తోసుకుపోయి ఏ సందులోంచో బయటికొస్తారు, వాళ్ళు ఒకింటి పిల్లలని బయట నుంచున్నవాడికి తెలిసే దారే లేదు. కేస్టార్ ఆయుష్షు దాదాపు 4 ఫెర్మీలు, అంటే కాంతి అంత దూరం వెళ్ళే సమయం (ఫెర్మీ న్యూక్లియస్ సైజుల్ని కొలిచే పొడవు), అది హాడ్రాన్ల (పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్ల లాంటివి) గుంపులోనే విడిపోతుంది, దాని పిల్లల్ని మిగతా పయాన్లు తోసేస్తాయి. ఫై 46 ఫెర్మీలు బతుకుతుంది, బయటికొచ్చాకే విడిపోతుంది. అందుకే గట్టి కొలిజన్లకి పోయేకొద్దీ కేయాన్లతో పోలిస్తే కేస్టార్ తగ్గుతుంది, ఫై మాత్రం అలాగే ఉంటుంది. ఆ గుంపు ఎంతసేపు ఉందో ఆ తగ్గుదల చెప్తుంది! కానీ ఆలోచించు, నీ ఎఫిషియెన్సీ తప్పైనా సరిగ్గా అలాగే తగ్గినట్టు కనపడుతుంది, ట్రాకులు ఎక్కువున్న ఈవెంట్లోనే ట్రాకింగ్ కష్టం కూడా. అందుకని సెంట్రాలిటీ వారీగా, అంటే న్యూక్లియస్‌లు ఎంత ఎదురెదురుగా గుద్దుకున్నాయో దాన్నిబట్టి, ఎఫిషియెన్సీ విడివిడిగా వెయ్యి, అంతటికీ ఒకే నెంబరు వాడకు.

పెద్ద ఎక్స్‌పెరిమెంట్లు కూడా ఇలాగే జాగ్రత్త పడ్డాయి. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో రిక్ అనే కొలైడర్ మెషీన్లో గోల్డ్-గోల్డ్ కొలిజన్స్‌లో ఎక్కువ పీటీ న్యూట్రల్ పయాన్లు రావాల్సిన దానిలో ఐదో వంతే వచ్చాయి, ప్లాస్మా మింగేసిందని అప్పుడే సంబరం చేసుకోలేదు వాళ్ళు. గోల్డ్ న్యూక్లియస్‌కి ముందునుంచే అలాంటి గుణం ఉందేమో అని 2003లో డ్యూటెరాన్‌ని (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ మాత్రమే ఉన్న న్యూక్లియస్) గోల్డ్ మీద కొట్టి చూశారు, ప్లాస్మా పుట్టదని అనుకున్న ఆ చోట పయాన్లు తగ్గలేదు. ఆ తర్వాతే గట్టిగా మాట్లాడారు. ప్రోటాన్-ప్రోటాన్, ప్రోటాన్-లెడ్ డేటా బోర్ అనుకోకు, అవి నీ సాక్షులు.

నా చిన్నప్పుడు మీ నానమ్మ భీమవరం పక్క గొరగనమూడి నుంచి వెళ్ళిన స్వామి జ్ఞానానంద గురించి చెప్పేది, సన్యాసి అయ్యుండి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ నిలబెట్టారని. నాకు ఈ చదువు మీద మనసు పుట్టింది ఆ కథతోనే, నీకెప్పుడూ చెప్పలేదు కదా.

రూట్ మాక్రోలు, అదే డేటా లెక్కలకి నువ్వు రాసే ప్రోగ్రాంలు, ఏరోజు ఏం మార్చావో ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసుకో, తేదీ వేసి. కొబ్బరి దింపులు అయ్యాక నేను ఖాళీయే, రాత్రి తొమ్మిదయ్యాక ఎప్పుడైనా ఫోన్ చెయ్యి. పీక్ ప్లాటు ఇప్పుడే పంపకు. ముందు మిక్స్‌డ్ ఈవెంట్ ప్లాటు, వెర్టెక్స్ బిన్లు ఎంత పెట్టావో రాసి పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న