ముందు ఒక్క పలకతో మొదలుపెట్టమ్మా

అమ్మలూ,

నువ్వు పంపిన డిజైన్ చూశాను. అన్ని రకాల పలకలు (టైల్స్) గీసి, అన్ని రంగులు వేసి, చివరికి అది గజిబిజిగా ఉందని టెన్షన్ పడితే ఎలా? అవన్నీ పక్కన పెట్టు. ఒకే ఒక్క చదరపు పలక తీసుకో, మూల నుంచి మూలకు గీత గీసి ఒక సగం నలుపు చెయ్, రెండో సగం తెల్లగా వదిలెయ్. ఇంతే సరంజామా.

1704లో ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ ట్రూషే అనే ఆయన సరిగ్గా ఇలాంటి పలక మీదే ఒక వ్యాసం రాశాడు, అందుకే వీటిని ఇప్పటికీ ట్రూషే పలకలు అంటారు. ఒక్కో పలకను నాలుగు దిక్కులకు తిప్పచ్చు కాబట్టి రెండు వరుసలు, రెండు నిలువులు పేర్చడానికే 256 దారులున్నాయి. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు చేస్తే 429 కోట్లు దాటిపోతాయి. అందుకని చేతికొచ్చినట్టు తిప్పుకుంటూ పోతే మంచి నమూనా తగులుతుందని ఆశపడకు, ఏదో ఒక నియమం పెట్టుకో.

నేనైతే ఇలా మొదలుపెట్టమంటాను. నాలుగు పలకలను నల్ల మూలలన్నీ మధ్యలో కలిసేలా పెట్టు, నల్ల వజ్రం ఆకారం వస్తుంది. ఇప్పుడు ఏ పలకనూ దాని చోటు నుంచి కదపకుండా, నాలుగింటినీ ఒకే వైపుకి పావు వంతు తిప్పు. వజ్రం పోయి గాలిమర రెక్కలు కనిపిస్తాయి. మళ్ళీ తిప్పితే నల్ల మూలలన్నీ బయటికి పోయి మధ్యలో తెల్ల వజ్రం, ఇంకోసారి తిప్పితే రెక్కలు ఎదురు వైపుకి. ఈ నాలుగూ చూశాక, ఏదో ఒక దాన్ని పెద్దగా పరిచి, నాలుగు పలకల గుంపుల్లో ఒకటి విడిచి ఒకదాన్ని ఈ నాలుగింట్లో మరో రూపంలో పెట్టి చూడు, అసలు ఆట అక్కడే ఉంది.

ఇంకో సంగతి. ఈ పలక అద్దంలో ఎలా కనిపిస్తుందో, తిప్పినా అలాగే వస్తుంది, కాబట్టి ఎదురుబొదురు డిజైన్లకు వేరే పలక అక్కర్లేదు. నీ పాత పలకల్లో వంకర తీగ గీశావు చూడు, దానికి ఈ సౌకర్యం లేదు. అద్దంలో బొమ్మ కావాలంటే దానికి జోడీగా ఇంకో పలక చేసుకోవాల్సిందే.

దీనితో చేయి తిరిగాక పావు వృత్తాల పలకకు వెళ్ళు. ఎదురెదురు మూలలు కేంద్రాలుగా, పక్క పొడవులో సగం వ్యాసార్ధంతో రెండు వంపులు గీయాలి. వాటి కొనలు ప్రతి అంచుకూ సరిగ్గా నడిమధ్యలో తగలాలి, అక్కడ కాస్త జరిగినా పక్క పలకతో గీత కలవదు, అప్పుడు ఎంత తిప్పినా దండగ. అన్నీ ఒకే వైపు పెడితే అలలు వస్తాయి, చదరంగం గళ్ళలా ఒకటి అటు ఒకటి ఇటు పెడితే గుండ్రాలు వస్తాయి. నాకు ఈ రెండింటికన్నా అక్కడక్కడ ఒక్క పలకను తిప్పి ఆ గుండ్రాన్ని తెంపడమే ఎక్కువ ఇష్టం, గీత దారి తప్పి ఎటో పోతుంది.

అట్టముక్కలను స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో కొయ్, కత్తెరతో వద్దు. పేర్చింది అంటించే ముందు నాలుగడుగులు వెనక్కి జరిగి చూడు, ఫోన్‌లో ఫొటో తీసి కూడా చూడు, తప్పు తిరిగిన పలక వెంటనే దొరుకుతుంది. నచ్చిన అమరికను గళ్ళ కాగితం మీద, ఒక్కో పలకను ఎన్ని పావు వంతులు తిప్పావో 0, 1, 2, 3 అని అంకెల్లో రాసి పెట్టుకో. రంగుల మాట తర్వాత, ముందు నలుపు తెలుపుల్లో చేసింది పంపు.

మామయ్య