పెద్ద మాంత్రికుడి చిన్నతనం

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ నవల ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చదువు బాగానే చదువుతుంది. కానీ రాత్రయితే నోటుబుక్కు నిండా దీవులు, మంత్రాలు, ఎగిరే గుర్రాలు. నా ఈడు వాళ్ల కోసం ఫాంటసీ నవలలు రాస్తాను, నా పని అదే అంటోంది. వాళ్ల నాన్నగారు మండిపడుతున్నారు. మీరు చెప్పిన ఆవిడ ఈ దారిలోకి ఎలా వచ్చారు? మొదట్నుంచీ ఇదే అనుకున్నారా?
(ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: లేదమ్మా, అనుకోలేదు. ఒకాయన వచ్చి అడిగితే రాశారు. అప్పటికి ఆవిడకి నలభై దగ్గరపడుతోంది, ముగ్గురు పిల్లల తల్లి. అయితే ఆ అడగడానికి ముందు జరిగిందంతా మీ ఇంటికి పనికొచ్చే సంగతే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

లెగ్విన్ 1929లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టారు. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరుమోసిన మానవశాస్త్రవేత్త, అక్కడి ఆదివాసుల భాషలూ ఆచారాలూ కథలూ సేకరించడానికి జీవితం ధారపోసిన మనిషి. వేసవిలో కుటుంబమంతా నాపా లోయలో ఉన్న తమ తోటకి వెళ్లేవాళ్లు. రాత్రిపూట నెగడు దగ్గర కూర్చుని ఆయన ఆ ఆదివాసీ కథలు పిల్లలకి చెప్పేవారు. తల్లి థియొడోరా తన జాతిలో చివరికి ఒంటరిగా మిగిలిపోయిన ఇషి అనే మనిషి జీవితాన్ని 1961లో పుస్తకంగా తెచ్చారు. ఆవిడ కలం పట్టింది పిల్లలు పెద్దయ్యాకే. ఒక్కో జాతికి ఒక్కో లోకం, ఒక్కో దేవుడు, ఒక్కో మర్యాద ఉంటాయన్నది ఆ ఇంట్లో అన్నాల దగ్గర మాట్లాడుకునే విషయం. తర్వాత లెగ్విన్ సృష్టించిన దీవుల్లో జనం ఏం తింటారో, దేనికి భయపడతారో, పండగ ఎలా చేసుకుంటారో అంత సహజంగా రావడానికి మూలం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

పదకొండేళ్లప్పుడు ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికకి కథ పంపారు. తిరిగొచ్చింది. తర్వాత కాలేజీ, ఎం.ఏ., 1953లో పారిస్‌లో పెళ్లి, ఆపైన ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కాపురం. భర్త చార్లెస్ చరిత్ర అధ్యాపకులు. పిల్లలు నిద్రపోయాక ఆవిడ రాసుకునేవారు. తూర్పు యూరప్‌లో ఉన్నట్టుగా ఆర్సీనియా అని ఒక దేశాన్ని తనే కల్పించుకుని, దాని మీద కథలూ నవలలూ రాశారు. ఏళ్ల తరబడి అవి వెళ్లడం, తిరిగి రావడం. అది వాస్తవ కథ కాదు, సైన్స్ ఫిక్షనూ కాదు. ఏ అరలో సర్దాలో ప్రచురణకర్తలకి అంతుపట్టలేదు. చివరికి 1962లో ‘ఫెంటాస్టిక్’ పత్రిక సంపాదకురాలు సీల్ గోల్డ్‌స్మిత్ ఒక కథ వేసుకున్నారు. 1964లో అదే పత్రికలో మరో రెండు చిన్న కథలు వచ్చాయి. వాటిలో దీవులున్నాయి, మాంత్రికులున్నారు, దేనికైనా ఉన్న అసలు పేరు తెలిస్తే అది మన మాట వింటుందన్న ఊహ ఉంది. రాశారు, పక్కన పెట్టారు.

1967లో హెర్మన్ షైన్ వచ్చారు. బర్క్‌లీలో పార్నాసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ ఆయనది, అప్పటిదాకా ఎక్కువగా చిన్నపిల్లల పుస్తకాలే వేసేవారు. కాస్త ఎదిగిన పిల్లల కోసం ఒక పుస్తకం రాసివ్వండి, ఏం రాస్తారో ఎలా రాస్తారో మీ ఇష్టం అన్నారు. ఫలానా వయసు వాళ్ల కోసమని ఎన్నడూ రాయలేదు కాబట్టి ఆవిడ మొదట జంకారు. తర్వాత ఒక ఆలోచన పట్టుకుంది. కథల్లో మాంత్రికులంతా గడ్డాలు నెరిసిన ముసలివాళ్లే కదా, మరి ఆ గడ్డం మొలవకముందు వాళ్లేం చేశారు? ఆ విద్య ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మన నేపాళ మాంత్రికుడికి గురువెవరో, కుర్రతనంలో ఎలా ఉండేవాడో మనం ఎప్పుడైనా అడిగామా? ఆవిడ అడిగారు. మరుసటి ఏడు, 1968లో, పుస్తకం వచ్చింది.

మొదటి అధ్యాయంలో ఒక ఘట్టం చెప్తాను, మీ అమ్మాయికి చదివి వినిపించండి. గాంట్ అనే కొండదీవిలో ఒక కంచరి కొడుకు. తల్లి పోయింది. ఏడేళ్లవాడు. తల్లి తోడబుట్టినావిడ ఆ ఊళ్లో మంత్రాలు తెలిసిన మనిషి. గుడిసె కప్పు మీదికెక్కి దిగనని మొరాయించిన మేకని ఆవిడ ఏదో పదం పలికి దింపడం వాడు విన్నాడు. మర్నాడు మేకల్ని మేపడానికి కొండమీదికి తోలుకెళ్లి, అర్థం తెలియకపోయినా ఆ పదం గట్టిగా అరిచాడు. మేకలన్నీ వచ్చేశాయి, చప్పుడు లేకుండా, పసుపురంగు కళ్లతో వాణ్నే చూస్తూ. వాడికి నవ్వొచ్చింది, మళ్లీ అరిచాడు. అవి ఇంకా దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ చుట్టూ మూగాయి. ఇప్పుడు భయం పట్టుకుంది. పరిగెత్తాడు. అవీ వాడితోపాటే, తాడేసి కట్టినట్టు ఒకే గుంపుగా, ఊళ్లోకి దిగాయి. పిలవడం వచ్చింది గానీ వదిలించుకోవడం వాడికి రాదు. ఆ తర్వాత నవలంతా ఇదే. కుర్రతనపు పంతంతో వాడు ఇంకోదాన్ని, మేకలకన్నా చాలా భయంకరమైనదాన్ని, పిలుస్తాడు. పదిహేనేళ్ల పిల్లలకి ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుందమ్మా? కొండల మీద మేకలు కాసినవాళ్లకి తెలిసిన బెదురే అది, అందుకే ఆ మంత్రాన్ని నమ్ముతాం.

ఇంకో సంగతి. రాసే ముందు ఆవిడ పెద్ద కాగితం మీద దీవుల పటం గీసుకున్నారు. అందులో మూడు చిన్న దీవులకి తన పిల్లల ముద్దుపేర్లు పెట్టుకున్నారు. మీ అమ్మాయి నోటుబుక్కులో దీవుల బొమ్మలుంటే చించేయకండి.

మనకి ఇలా అడిగేవాళ్లు లేరా అంటే, ఒకప్పుడు ఉన్నారు. 1947లో మొదలైన చందమామకి దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954 నుంచి ‘తోకచుక్క’తో మొదలుపెట్టి వరసగా సాహస ధారావాహికలు రాశారు. ఆయన పేరు అచ్చులో ఉండేది కాదు. చిత్రా గారి బొమ్మలతో వచ్చే ఆ పేజీల కోసం నెలంతా ఎదురుచూసిన తరం మాది. పత్రిక ఉంది, నెలనెలా అందించాల్సిన పేజీలున్నాయి, పాఠకులున్నారు, అందుకని ఆయన రాయగలిగారు. ఇవాళ పన్నెండుకీ పద్దెనిమిదికీ మధ్య ఉన్న తెలుగు పిల్లల కోసం నవల కావాలని అడిగే ప్రచురణకర్తలు బహు తక్కువ. నన్ను బాధపెట్టేది మీ అమ్మాయి పిచ్చి కాదు, ఈ లోటు.

ఇక మీవారి విషయం. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అయ్యేదాకా రాతని ఆదివారాలకి కుదించుకోమని ఆయన చెప్పొచ్చు, అది న్యాయమే. పూర్తిగా మాన్పించడం న్యాయం కాదు. ఇంజినీరింగ్ చదివినా రాయొచ్చు. రాసింది వెంటనే పుస్తకం కావాలని తొందరపడనివ్వద్దు. మీరు డబ్బు కడితే మేం అచ్చేస్తాం అనేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. మీ అత్తగారో అమ్మగారో ఉంటే వాళ్ల ఊరి గ్రామదేవత కథలు, జాతర ముచ్చట్లు అడిగి రాసిపెట్టుకోమనండి. ఎగిరే గుర్రం ఎక్కడైనా దొరుకుతుంది గానీ అవి ఇంకెక్కడా దొరకవు.

ప్రశ్న: కథానాయకుడు గెడ్‌ది రాగి చాయ అని రాశారు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర నేను కొన్న కాపీ అట్ట మీద తెల్లటి కుర్రాడున్నాడు. ఏది నిజం?
(డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: నేను రాసిందే నిజం. గెడ్‌ది ఎర్రమట్టి రంగు, అతని ప్రాణస్నేహితుడు వెచ్ నల్లనివాడు, దండెత్తి వచ్చే కార్గ్‌లు తెల్లవాళ్లు. ఆ రోజుల్లో అమెరికాలో ఇలాంటి కథల్లో నాయకుడంటే తెల్లవాడే. లెగ్విన్ కావాలనే అలా చేశారు. అయితే మొదటి పేజీలోనే చాటకుండా, పాఠకులు ఆ కుర్రాడితో మమేకమయ్యాక నెమ్మదిగా బయటపెట్టారు. మొదటి ముద్రణకి రూత్ రాబిన్స్ వేసిన అట్టబొమ్మలో గెడ్ రాగిరంగులోనే ఉన్నాడు, అది ఆవిడకి ఎంతో నచ్చింది. తర్వాతి ముద్రణల్లో చాలా అట్టల మీద తెల్లబడిపోయాడు. నల్లటి బొమ్మ ఉంటే పుస్తకం అమ్ముడుపోదన్నది వ్యాపారుల వాదన. 2004లో అమెరికాలో వచ్చిన టీవీ రూపంలోనూ తెల్ల నటుడినే పెడితే, ఆవిడ ఊరుకోకుండా పత్రికలో నిరసన వ్యాసం రాశారు. మన పిల్లల పుస్తకాల్లో రాకుమారులందరినీ తెల్లగా వేసే బొమ్మల మీద ఇలా నోరు విప్పినవాళ్లు మనలో ఎంతమంది? మీరు మీ కాపీకి వేరే అట్ట వేసుకోండి, తప్పులేదు.

ప్రశ్న: మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ కథలు తెలుగులో చెప్పాలనుంది. ఏది ముందు? భయపడతారా?
(తెలుగు ఉపాధ్యాయిని, సిద్దిపేట)

జవాబు: నిరభ్యంతరంగా చెప్పండి టీచర్‌గారూ. మొదటి పుస్తకంతోనే మొదలుపెట్టండి. గెడ్ పంతానికి పోయి పిలిచిన ఆ భయంకరమైన నీడ బయటికొచ్చే అధ్యాయం దగ్గర పిల్లలు భయపడతారు, పడనివ్వండి, కానీ అక్కడ ఆపి గంట కొట్టించకండి, తర్వాత ఏమైందో కొంచెం చెప్పి పంపండి. రెండోది, 1971లో వచ్చిన ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’, ఆడపిల్లలకి బాగా పడుతుంది. చిన్నప్పుడే అమ్మానాన్నల దగ్గర్నుంచి తీసుకెళ్లి, పేరు కూడా లాగేసుకుని, చీకటి దేవతలకి పూజారిణిగా పెంచిన తెనార్ కథ అది. మన దగ్గర దేవుడికి వదిలేసిన ఆడపిల్లల సంగతి తెలిసిన మీకు, ఎక్కడ ఆగి మాట్లాడాలో నేను చెప్పక్కర్లేదు. మూడోది ‘ది ఫార్దెస్ట్ షోర్’ చావు గురించి. దాన్ని పదో తరగతిదాకా ఆపండి.