మహారాష్ట్ర నుంచి లంబాడీలు రావడం వల్లే ఆదిలాబాద్‌లో గోండులతో గొడవ మొదలైందా?

మాది రాజురా. మా తాతల కాలంలో ఇది ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు రాజురా, కిన్వట్ రెండూ బొంబాయి రాష్ట్రంలోకి, అంటే ఇప్పటి మహారాష్ట్రలోకి పోయాయి. మా ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. అందుకే మీరడిగిన దానికి ఇటు పక్క నుంచి నాకు తెలిసింది చెప్తాను.

వలసల వల్లే గొడవ అంటే నేను ఒప్పుకోను. బతుకుదెరువు కోసం జనం అటూ ఇటూ పోవడం ఇక్కడ కొత్తేం కాదు. నాగోబా జాతరకు మా పక్క గోండులు ఇప్పటికీ ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ పోతారు. చిచ్చు పెట్టింది రెండు రాష్ట్రాల ఎస్టీ జాబితాలు. తెలంగాణలో లంబాడీలు 1976 చట్టంతో ఎస్టీలయ్యారు. మహారాష్ట్రలో వాళ్లనే బంజారాలంటారు, అక్కడ వాళ్లు ఎస్టీలు కారు, విముక్త జాతి అనే వేరే జాబితాలో ఉన్నారు. గోండులు మాత్రం రెండు చోట్లా ఎస్టీలే.

ఇప్పుడు భూమి సంగతి చూడండి. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదని 1/70 చట్టం చెప్తుంది. ఎస్టీ అయ్యాక లంబాడీలకు ఆ అడ్డు లేదు. చదువుల్లో, నౌకరీల్లో ముందున్న వాళ్లతో గోండు, కొలాం పిల్లలు ఒకే కోటాలో పోటీ పడాల్సి వచ్చింది. వాళ్ల కోపం ఉత్తదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. 2017లో గోండు గూడేల్లో లంబాడీ టీచర్లను బడికి రావద్దన్నారు, ఉట్నూరు వైపు కొట్లాటలు జరిగాయి. ఆదివాసుల హక్కుల సంఘం తుడుందెబ్బ నాయకుడు సోయం బాపూరావు 2019లో బీజేపీ తరఫున ఎంపీ అయింది ఆ ఊపులోనే.

ఇంకో పక్క కూడా చూశాను. మా వీధిలో ఒక బంజారా కుటుంబం ఉంది. వాళ్ల ఆడబిడ్డను తెలంగాణలోని కెరమెరి వైపు ఇచ్చారు. ఆమె కొడుకు ఎస్టీ సీటుతో చదువుకుంటున్నాడు, ఇక్కడి మేనల్లుడికి ఆ సర్టిఫికెట్ రాదు. ఒకసారి ఆమె వచ్చినప్పుడు అన్న నులకమంచం మీద కాగితాలన్నీ పరిచాడు: రేషన్ కార్డు, బడి టీసీ, తండ్రి పేరున్న పాత పన్ను రసీదు. "పిల్లాణ్ని నీ దగ్గరే ఉంచుకుంటే కార్డు అవుతదా, చెల్లే?" అని అడిగాడు. కాదని నేనే చెప్పాను. వలసపోయినంత మాత్రాన ఎస్టీ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. అయినా దొంగ సర్టిఫికెట్లు పుడుతూనే ఉన్నాయి. వాటిని ఏరేస్తే గోండుల అనుమానం సగం తగ్గుతుందని నా నమ్మకం.

మా రాజురా పక్కన జివతి కొండల మీద, రెండు రాష్ట్రాలూ మావే అనే ఊళ్లలో మరాఠీ బడీ తెలుగు బడీ పక్కపక్కనే ఉంటాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న పోలింగ్. ఆ ఊళ్లలో రెండు చోట్లా ఓటున్నవాళ్లు ఉన్నారు.

ఆ ఊళ్లవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం సాగు చేసుకునే అడవి భూమికి పట్టా. అటవీ హక్కుల చట్టం కింద ఎస్టీ అయితే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపిస్తే చాలు, కానివాళ్లు 75 ఏళ్ల నివాసం రుజువు చేయాలి. మరాఠ్వాడా కరువుల్లో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తారు? 2025లో బంజారాలు నిజాం కాలం నాటి హైదరాబాద్ గెజిట్ చూపించి మహారాష్ట్రలోనూ ఎస్టీ హోదా అడిగారు, ఇక్కడి ఆదివాసులు వద్దన్నారు. ఆదిలాబాద్ గొడవ ఇప్పుడు మా పక్కకూ వచ్చింది.